పద్నాలుగో అంతస్తులో మిరపకాయలు

పోయిన వారం ఎక్కడ ఆగామో గుర్తుంది కదా? గుర్తులేకపోయినా తప్పేం లేదు, మీకూ ఇల్లూ వాకిలీ ఉంటాయి. నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

నేను హారికని. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ చూసుకుంటాను. మా నాన్న అంకమ్మరావు అక్కడే సూపర్‌వైజరు. జాన్ బాషా స్టోర్‌కీపరు. నేను పుట్టకముందు నుంచీ అక్కడున్నాడు, నాకు బాబాయి. ప్రత్తిపాడు పక్క నుంచి పేరయ్య అనే రైతు మా దగ్గర దాచుకున్న నలభై టిక్కీల తేజ రకం కాయని అమ్మకానికి మిర్చి యార్డుకి తోలించాడు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా. యార్డులో మూతి విప్పితే లోపల తెల్లబడిపోయిన తాలు! బస్తాల మీద పేరయ్య మార్కు కూడా లేదు. డెలివరీ స్లిప్పు మీద మాత్రం బాషా బాబాయి సంతకం ఉంది. ఇంకేముంది, సరుకు మార్చేసిన దొంగ బాషాయే అని అందరూ తేల్చేశారు. ఐదు రోజుల నుంచి ఆయన్ని గేటు దాటి ఛాంబర్లలోకి రానివ్వడం లేదు. డెలివరీలన్నీ ఆపేశారు.

కంప్యూటర్ చెప్పిన ర్యాకులో వెతికారు, ఖాళీ. లక్ష టిక్కీలున్న చోట మిగతాదంతా వెతకాలంటే వారం పడుతుంది. బాషా బాబాయి ఒకటే మాట చెప్పాడు. "కాయ రెండో ఛాంబర్లోనే ఉంటుందండీ. నన్ను లోపలికి వదలండి, మార్కు పట్టి చూపిస్తాను." దానికి మా ఓనరు శివరామకృష్ణగారు ఏమన్నారో తెలుసా? "నువ్వు చూపించావంటే అక్కడ దాచింది నువ్వేనన్నమాట." చూపిస్తే దొంగ, చూపించకపోతే దొంగ. ఇంక ఆ మనిషి ఏం చెయ్యాలి, చెప్పండి!

బుధవారం మధ్యాహ్నం మూడింటికి పోలీస్ స్టేషన్లో కంప్లయింట్ ఇవ్వడానికి కాగితం టైపు చేయించి పెట్టుకున్నారు. నేను అడ్డం పడి, "మూడింటిదాకా ఆగండి సార్, కంప్యూటర్లో ఒకసారి చూస్తాను" అన్నాను. "చూడు. కానీ మూడంటే మూడే" అన్నారు. అప్పటికి పదకొండున్నర. అక్కడ ఆగాం.

మా ఆఫీసు గది చిన్నది. ఒక మూల నా కంప్యూటరు, దాని పక్కన గొంతు చించుకునే పాత ప్రింటరు, ఎదురు బల్ల దగ్గర నాన్న. ఆ రోజు నాన్న గేటు రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు కానీ పేజీ తిప్పడం లేదు. డెలివరీలే లేనప్పుడు రాయడానికి మాత్రం ఏముంటుందిలే అనుకున్నాను.

మా ప్రోగ్రాం కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసింది. పాతికేళ్ళు దాటింది. అది ఒకటి కాదు, రెండు. స్లిప్పు కొట్టేది ఒకటి. లాటు నంబరు ఇస్తే ఆ సరుకు ఏ ఛాంబర్లో, ఏ అంతస్తులో, ఏ ర్యాకులో ఉందో ఫైల్లో వెతికి చెప్పేది ఇంకొకటి. మొదటిది రెండోదాన్ని పిలిచి అడుగుతుంది, అది చెప్పింది తీసుకుని స్లిప్పు మీద కొడుతుంది. అంతే వ్యవహారం. స్లిప్పు కొట్టే ప్రోగ్రాంని నేను పై నుంచి కింది దాకా మూడుసార్లు చదివాను. తప్పు లేదు. నాలుగోసారి చదివేసరికి కళ్ళు మంటలెత్తాయి, కోపం ముంచుకొచ్చింది. కీబోర్డుని ఒక్కటి మొత్తాను.

"కొట్టకమ్మా, అదేం చేసింది?" అన్నాడు నాన్న.

"అదే చేసిందని నాకు అనుమానం."

"వదిలెయ్యరాదూ. పెద్దవాళ్ళు చూసుకుంటారు. మనకెందుకు?"

"మనకెందుకా! బాషా బాబాయి నాన్నా!" అని అరిచాను. నాన్న మళ్ళీ రిజిస్టర్లోకి తల దించేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు ఒకే క్యారియర్లో అన్నం తిన్న స్నేహితుడి మీద దొంగతనం అంటగడుతుంటే, ఈయన "మనకెందుకు" అంటాడేమిటి!

సరే, ప్రోగ్రాం మాట పక్కనపెట్టి స్లిప్పులు చూద్దామని ఫైలు విప్పాను. పోయిన వారం సోమవారం నుంచి డెలివరీలు ఆపేసిన రోజు దాకా వెళ్ళినవి మొత్తం పదకొండు. బల్ల మీద పేకముక్కల్లాగా పరిచాను. మొదటిది చూశాను. రెండోది చూశాను. మూడోది చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను.

ఛాంబరు ఒకటి. అంతస్తు పద్నాలుగు. ర్యాకు మూడు.

పద్నాలుగో అంతస్తు! మా స్టోరేజీకి ఉన్నదే ఐదు అంతస్తులు. గుంటూరు మొత్తం మీద మిరపకాయలు పద్నాలుగో అంతస్తు ఎక్కిన చరిత్ర ఉందా అసలు? నాలుగో స్లిప్పు మీద పద్దెనిమిదో అంతస్తు. ఏడోదాని మీద పదకొండు. నాకు పిచ్చి నవ్వు వచ్చింది. నిజంగా, కడుపు పట్టుకుని నవ్వాను. ఇన్ని రోజులుగా ఈ కాగితాలు చేతులు మారుతున్నాయి. కొట్టింది నేను, సంతకం పెట్టింది బాబాయి, ఫైలు చేసింది నాన్న, పైన స్టాంపు వేసింది ఓనరుగారు. ఒక్కరంటే ఒక్కరు దాన్ని చదవలేదు!

ఎందుకు చదవలేదో కూడా మీకు తెలియాలి. మా దగ్గర స్లిప్పు పట్టుకుని సరుకు వెతికేవాళ్ళు ఎవరూ లేరు. ప్రతి రైతుకీ బస్తా మీద ఒక రంగు మార్కు ఉంటుంది. బాషా బాబాయి స్లిప్పు మీద రైతు పేరు, టిక్కీల సంఖ్య చూస్తాడు, కింద సంతకం పెడతాడు, ముఠా కూలీలని వెంటేసుకుని నేరుగా ఆ మార్కు ఉన్న చోటికి వెళ్ళిపోతాడు. ఎవరి కాయ ఎక్కడ పేర్చాడో అంతా ఆయన తలలో ఉంటుంది. స్లిప్పు మీద ఏ అంతస్తు వేసినా ఆయనకి పట్టదు.

వెంటనే జక్రయ్య మాస్టారికి ఫోన్ చేశాను. ఈ ప్రోగ్రాంలు రాసింది ఆయనే. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరై ఇప్పుడు సింగరాయకొండలో ఉంటున్నారు. మొన్ననే కంటి ఆపరేషన్ అయింది, తెర వంక చూడొద్దన్నారట డాక్టరు.

"భోజనం చేశావా అమ్మా?" ఆయన ఎప్పుడూ ముందు అడిగేది అదే.

"మాస్టారూ, మన స్టోరేజీకి ఎన్ని అంతస్తులండీ?"

"ఐదు. ఏం, పైన ఇంకోటి లేపుతున్నారా?"

"స్లిప్పు మీద పద్నాలుగు అని వస్తోందండీ."

మాస్టారు గొంతు తగ్గించి అడిగారు. "దాన్ని ఎవరు ముట్టుకున్నారమ్మా?"

"నేనేనండీ. కొత్త జిల్లాల పేర్లు స్లిప్పు మీద రావాలని ఓనరుగారు ఎప్పటి నుంచో అంటున్నారు కదా, పల్నాడు, బాపట్ల. పోయిన వారం సోమవారం అవి కలిపాను. స్లిప్పు ప్రోగ్రాంలోనే. మీ రెండో ప్రోగ్రాం జోలికి అసలు పోలేదు."

"రెండోదాన్ని పిలిచే లైను మార్చావా?"

"మార్చలేదండీ." నాలుక కరుచుకున్నాను. "కొంచెం సర్దాను. చిందరవందరగా ఉంటే."

"సర్దావా!" మాస్టారు అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "సరే, కంగారుపడకు. పిలిచే చోట నువ్వు ఏం పంపుతున్నావో వరసగా చదువు."

"లాటు, ఛాంబరు, అంతస్తు, ర్యాకు."

"ఇప్పుడు నా ప్రోగ్రాం తెరువు. తీసుకునే చోట ఏముందో చదువు."

తెరిచాను. చదవబోయి ఆగిపోయాను.

"చదవమ్మా."

"లాటు, ఛాంబరు, ర్యాకు, అంతస్తు."

"అదీ సంగతి" అన్నారు మాస్టారు. "పేర్లు దానికి పట్టవు తల్లీ. మొదటిది, రెండోది, మూడోది, నాలుగోది, అంతవరకే దానికి తెలుసు. నా ప్రోగ్రాం మూడో చోట ర్యాకు పెట్టి పంపుతుంది. నువ్వు మూడో చోట అంతస్తు అని రాసుకుని కూర్చున్నావు. దాని ర్యాకు నీ అంతస్తయింది, దాని అంతస్తు నీ ర్యాకయింది. రెండూ రెండేసి అంకెలే కాబట్టి ఎక్కడా నోరెత్తలేదు. సైజులో తేడా ఉంటే కనీసం ఏదో ఒక చెత్త వచ్చి బయటపడేది."

"మరి నేను మూడుసార్లు చదివాను కదండీ!"

"ఒక్క ప్రోగ్రామే చదివి ఉంటావు. ఒక్కదాన్నే చదివితే ఏదీ తప్పు కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అయినా అంతస్తు ముందు ఎందుకు రాశావమ్మా?"

ఎందుకంటే మా దగ్గర అందరూ అట్లాగే అరుస్తారు. "రెండో ఛాంబరు, మూడో అంతస్తు, ఏడో ర్యాకు!" అని ముఠావాళ్ళు కేకలేస్తుంటే చిన్నప్పటి నుంచీ విన్నాను. చెవికి అలవాటైన వరసే చేతికి వచ్చేసింది. మాస్టారేమో అప్పటి రిజిస్టర్లో గడులు ఉన్న వరసలో రాశారట. రిజిస్టర్లో ర్యాకు ముందుండేదట.

"ఊరికే నా మాట నమ్మకు. లోపల ఒకటి, బయట ఒకటి డిస్‌ప్లే పెట్టి ఆడించు. పేరయ్య లాటు నంబరు కొట్టు" అన్నారు.

అంటే రెండో ప్రోగ్రాం జవాబు పంపే ముందు తన దగ్గర ఏముందో తెర మీద చూపించాలి, మొదటిది అందుకున్నాక తన దగ్గర ఏముందో చూపించాలి. రెండు లైన్లు రాసి ఆడించాను. లోపల: ఛాంబరు రెండు, అంతస్తు రెండు, ర్యాకు నాలుగు. బయట: ఛాంబరు రెండు, అంతస్తు నాలుగు, ర్యాకు రెండు.

అంటే పేరయ్య కాయ రెండో అంతస్తు నాలుగో ర్యాకులో ఉంది. యార్డుకి వెళ్ళింది నాలుగో అంతస్తు రెండో ర్యాకులో ఉన్నది. ఆ తాలు ఎవరో వ్యాపారిది. ఖర్మకాలి ఈ స్లిప్పు మీద రెండు అంకెలూ ఐదు లోపే ఉన్నాయి. తారుమారైనా నిజంలాగే కనిపించింది.

దొంగ లేడు. దొంగతనం లేదు. అమ్మయ్య! ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "మాస్టారూ, మీ కాళ్ళకి దండం" అన్నాను. "నా కాళ్ళ సంగతి తర్వాత. బాషాకి చెప్పు ముందు" అని ఆయనే పెట్టేశారు.

ఫోన్ పెట్టాక అర్థమైంది, ఇది చేసింది నేనేనని. బాబాయి ఐదు రోజులుగా కాటా పక్కన అరుగు మీద ముద్దాయిలాగా కూర్చున్నది నేను లైను సర్దినందుకు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా చెప్పొద్దూ, సిగ్గు కంటే సంతోషమే ఎక్కువుంది.

నాన్న లేచి నా వెనక్కి వచ్చి తెర వంక చూస్తున్నాడు. మొహం పాలిపోయి ఉంది. "నిజమేనా అమ్మా? స్లిప్పులోనే తప్పుందా?"

"స్లిప్పులోనే నాన్నా. తప్పు నాది. వెళ్ళి చెప్పేస్తాను."

"నీ మీద ఎందుకు వేసుకుంటావు? కంప్యూటర్ పాతబడిందని చెప్పు, సరిపోతుంది."

"బాబాయి మీద పడితే ఫరవాలేదా నీకు?" అని గయ్యిమన్నాను. నేను కాగితాలు చేతపట్టుకుని ఓనరుగారి గదికి పరిగెత్తాను.

గదిలో శివరామకృష్ణగారి ముందు టైపు చేసిన కంప్లయింటు, దాని మీద కళ్ళజోడు. ఎదురుగా కుర్చీలో పేరయ్య, భుజం మీద కండువాతో మొహం తుడుచుకుంటూ.

"సార్, పేరయ్యగారి కాయ ఎక్కడికీ పోలేదు. తప్పు నాది" అన్నాను ఊపిరి తీసుకోకుండా. మొత్తం చెప్పాను. వరస సంగతి, సర్దిన సంగతి, అన్నీ.

ఆయన చివరిదాకా విని వెనక్కి వాలారు. "నువ్వు బాషా బాబాయ్, బాబాయ్ అని తిరుగుతావుగా. వాణ్ణి తప్పించడానికి ఈ కథ అల్లుకొచ్చావేమో. సరుకు ఎక్కడుందో వాడే నీ చెవిలో చెప్పి ఉండొచ్చు."

నాకు తిక్క రేగింది. పద్నాలుగో అంతస్తు స్లిప్పు తీసి ఆయన ముందు పెట్టాను. "ఇది కూడా బాబాయే చెప్పాడా సార్? కింద మీ స్టాంపు ఉంది చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. చదివారు. తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పేరయ్య ముందుకి వంగి, "ఏందయ్యా అది?" అన్నాడు. "పద్నాలుగో అంతస్తంట" అన్నారు ఓనరుగారు నీరసంగా. పేరయ్య నోరు తెరుచుకుని పైకప్పు వంక చూశాడు.

"ఇంకా నమ్మకం లేకపోతే మీకు నచ్చిన లాటు ఒకటి చెప్పండి సార్. బాబాయికి తెలియనక్కర్లేదు. ఆ తప్పు లైనుతోనే స్లిప్పు కొడతాను. దాని మీద అంతస్తునీ ర్యాకునీ తిరగేసి మీరే వెళ్ళి చూసుకోండి."

ఆయన కాసేపు ఆలోచించి వాళ్ళ బామ్మర్ది లాటు నంబరు చెప్పారు. కొట్టాను. అంతస్తు పదకొండు, ర్యాకు మూడు. "మా బామ్మర్ది కాయ పదకొండో అంతస్తులో పెట్టామా! వాడికి తెలిస్తే ఇంట్లో నన్ను బతకనిస్తాడా?" అన్నారు ఆయన. అప్పుడు మొదటిసారి ఆయన మొహంలో కోపం సడలింది.

శాలువా కప్పుకుని ఆయనే లోపలికి నడిచారు. వెనకాల నేను, పేరయ్య, ఇద్దరు ముఠా కూలీలు. నాన్న రాలేదు, ఫోన్ దగ్గర ఎవరైనా ఉండాలన్నాడు. కోల్డ్ స్టోరేజీ తలుపు తీస్తే ఎముకలు కొరికే చలి, ఆ చలిలోనే ముక్కు అదరగొట్టే ఘాటు. మూడో అంతస్తు, పదకొండో ర్యాకు. బామ్మర్దిగారి ఎర్ర నక్షత్రం మార్కు మా వంకే చూస్తోంది. శివరామకృష్ణగారు దాన్ని చేత్తో తడిమారు.

"మరి నాది?" అన్నాడు పేరయ్య. "నాది చూపించండయ్యా!"

రెండో ఛాంబరుకి వెళ్ళాం. రెండో అంతస్తు మెట్లు ఎక్కుతూ మనసులో లెక్క మళ్ళీ వేసుకున్నాను. లెక్క ప్రకారం ఉండాలి. ఉండకపోతే? కూలీ టార్చి వేశాడు. ఒకటో ర్యాకు, రెండు, మూడు. నాలుగో ర్యాకులో నీలం రంగు సున్నా, సున్నా మధ్యలో "పే".

"నాదే!" పేరయ్య కేకకి పైన రేకులు మోగాయి. "ఒరేయ్, నాదేరా! నా చేత్తో వేసిన మార్కురా ఇది!" బస్తాని రెండు చేతులా వాటేసుకున్నాడు. మూతి కుట్టు లాగి కాయ ఒకటి తీసి తుంచి వాసన చూశాడు. చూసి ఏడు తుమ్ములు తుమ్మాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అవి ఘాటుకో మరి దేనికో ఆయనకే తెలియాలి. నలభై టిక్కీలూ ఒక్కోదాన్నీ చేత్తో తట్టి లెక్కపెట్టుకున్నాడు. ఒక్కటీ తగ్గలేదు. నేను ఆ చల్లటి గోడకి ఆనుకుని చాలాసేపు ఊరికే నిలబడిపోయాను.

బయటికి వచ్చేసరికి బాషా బాబాయి అరుగు మీదే ఉన్నాడు. పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నె విప్పకుండా పక్కనే ఉంది. పేరయ్య ఎండలో దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాషా, నా కాయ దొరికిందయ్యా! నిన్ను యార్డులో నలుగురి ముందూ నానా మాటలూ అన్నాను. నా నోట్లో పురుగులు పడ!"

"ఏడాది కష్టం కనపడకపోతే అనవా పేరయ్యా? నేనైతే ఇంకో నాలుగు ఎక్కువే అందును" అన్నాడు బాబాయి. నవ్వబోయాడు, కుదరలేదు. తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

శివరామకృష్ణగారు కంప్లయింటుని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నారు. క్షమించమనడం ఆయనకి అలవాటు లేదు. గొంతు సవరించుకున్నారు, ఆకాశం వంక చూశారు. "తొందరపడ్డాను బాషా. రేపట్నుంచి రా."

"రేపటిదాకా ఎందుకండీ, ఇప్పుడే వస్తాను. ఐదు రోజుల నుంచి తలుపులు సరిగా మూస్తున్నారో లేదో. చలి పోతే కాయ పాడవుతుంది" అని బాబాయి లేచాడు. తాళాల గుత్తి చేతిలో పడగానే ఆయన నడుము నిటారుగా అయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

నాకు అక్షింతలు పడ్డాయనుకోండి. "సర్దుతుందంట, సర్దుతుంది! ఇక మీదట మాస్టారికి చూపించకుండా ఒక్క చుక్క కూడా మార్చొద్దు" అన్నారు ఓనరుగారు. తల ఊపాను. ఆ రోజు ఆయన కొట్టినా పడేదాన్ని. పేరయ్య అందరికీ టీలు, బజ్జీలు తెప్పించాడు.

ఆఫీసులోకి వచ్చి ఆ లైన్లో రెండు మాటల్ని అటూ ఇటూ చేశాను. మళ్ళీ కంపైల్ చేసి పది లాట్లు కొట్టి చూశాను. అన్నీ ఐదు అంతస్తుల్లోనే ఉన్నాయి. అప్పుడు ఉన్నట్టుండి తట్టింది. పదకొండు స్లిప్పులూ తప్పే కదా! మరి మిగతా పదిమందికి ఎవరి సరుకు వెళ్ళింది?

టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డ బాబాయిని అడిగాను.

"ఎవరిది వాళ్ళకే వెళ్ళిందమ్మాయ్" అన్నాడు తాపీగా. "నేను మార్కు చూసి తీస్తాను కదా. నీ పద్నాలుగో అంతస్తు ఎవడు ఎక్కాడు!"

ఇద్దరం నవ్వుకున్నాం. పది స్లిప్పులు తప్పు, పది డెలివరీలు ఒప్పు. బాబాయి తనకి తెలియకుండానే నా తప్పుని పదిసార్లు దిద్దాడు. హాయిగా ఊపిరి పీల్చుకుని స్లిప్పులు ఒకదాని మీద ఒకటి సర్దుతున్నాను. పదకొండోది, పేరయ్యది, చేతికొచ్చింది.

"అయితే బాబాయ్, పేరయ్య కాయ కూడా నువ్వు మార్కు చూసే తియ్యాలి కదా. నీలం సున్నా వదిలేసి ఆ తాలు ఎట్లా తీశావు?"

బాబాయి గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "ఏదో పరధ్యానం" అన్నాడు.

"నువ్వా? నీకు పరధ్యానమా?"

అప్పుడు స్లిప్పు చదివాను. ఈసారి నిజంగా చదివాను. శుక్రవారం. స్లిప్పు కొట్టిన టైము పన్నెండూ యాభై. కింద బాబాయి సంతకం. దాని పక్కన, లారీ గేటు దాటిన టైము చేత్తో రాసి ఉంది, ఒకటీ ముప్పై. శుక్రవారం ఒంటిగంట నుంచి రెండింటిదాకా బాబాయి మసీదులో ఉంటాడు. స్లిప్పుల మీద సంతకాలు పెట్టి వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేదాకా లారీ ఆగాల్సిందే. స్టోర్‌కీపరు లేకుండా ఛాంబరు తెరవకూడదన్నది ఓనరుగారి రూలు. బాబాయి దగ్గర లేనప్పుడు తాళాలు ఉండేది ఒక్కరి దగ్గరే. మార్కులు తెలియక, స్లిప్పు మీద ఉన్నదాన్నే నమ్మి ర్యాకు వెతికేదీ ఆ ఒక్కరే. ఆ "ఒకటీ ముప్పై" ఎవరి చేతిరాతో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది.

తలెత్తాను. ఎదురు బల్ల దగ్గర నాన్న రిజిస్టరు మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. మా వంక చూడటం లేదు.

బాబాయి దగ్గరికొచ్చి ఆ స్లిప్పు నా వేళ్ళ మధ్య నుంచి మెల్లగా లాక్కున్నాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మీ నాన్న తప్పు చెయ్యలేదమ్మాయ్. భయపడ్డాడు" అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు. "ఐదు రోజులు నేను మోశాను. ఇప్పుడు నువ్వు దించకు."

సరిగ్గా అప్పుడే లోపలి గదిలో నుంచి ఓనరుగారి గొంతు వినిపించింది. "హారికా! ఆ పదకొండు స్లిప్పులూ ఒకసారి ఇట్లా పట్రామ్మా."

నా చేతిలో పదే ఉన్నాయి.